సూరి భగవంతం: లేజర్ పుట్టకముందే వెలుగును చదివిన మనిషి

మన కాలేజీ చుట్టుపక్కల లేజర్లకి కొదవ లేదు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఏ వైపు వెళ్లినా ఇనప షీట్లు కోసే షెడ్లలో లేజర్ కటింగ్ మెషిన్లు ఉంటాయి. పార్టుల మీద నంబర్లు చెక్కేదీ లేజరే. ఇక్కడి ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్లని అడిగితే ఇంకొకటి చెప్తారు. రా మెటీరియల్ డ్రమ్ములు గోడౌన్‌లోకి రాగానే, చేతిలో పట్టుకునే చిన్న పరికరం ఒకటి తెచ్చి, లోపలి పాలిథీన్ కవర్ మీద పెట్టి బటన్ నొక్కుతారు. కవర్ విప్పక్కర్లేదు. లోపలి పొడి లేబుల్ మీద రాసిందేనా, కాదా అన్నది కొన్ని సెకన్లలో తెలిసిపోతుంది. దాంట్లో ఒక చిన్న లేజర్ ఉంటుంది. ఆ పరికరాన్ని అందరూ ‘రామన్’ అనే పిలుస్తారు.

ఆ రామన్ ఎవరో మనకి చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి 28 వస్తే సైన్స్ డే పోస్టర్లు వేస్తాం కదా, ఆయనే. కానీ రామన్ పక్కన ఒక తెలుగు కుర్రాడు ఉండేవాడు. ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఆ పేరు అందరికీ తెలుసు. మన సీఎస్ఈ వాళ్లలో ఎంతమందికి తెలుసో చెప్పలేను. ఆయన పేరు సూరి భగవంతం. ఈ నెల ఆయన గురించే రాద్దామనుకున్నా. ఎందుకంటే లేజర్ మెషిన్ కొనడం వేరు, లేజర్ తెలిసిన మనుషుల్ని తయారుచేసుకోవడం వేరు. ఈ రెండోది ఎంత కష్టమో, ఎంత కాలం పడుతుందో ఆయన జీవితం చూస్తే అర్థమవుతుంది.

భగవంతం 1909 అక్టోబర్ 14న అప్పటి కృష్ణా జిల్లా అగిరిపల్లిలో పుట్టారు. స్కూలు చదువు గుడివాడలో. డిగ్రీకి హైదరాబాద్ నిజాం కాలేజీకి వచ్చారు. ఆ రోజుల్లో నిజాం కాలేజీ మద్రాస్ యూనివర్సిటీ కింద ఉండేది. 1928లో బీఎస్సీ ఫస్ట్ ర్యాంకుతో పాసయ్యారు. అదే ఏడాది ఫిబ్రవరిలో కలకత్తాలో రామన్ ఎఫెక్ట్ బయటపడింది. ఆ వార్త విన్న ఈ కుర్రాడు ఉద్యోగం చూసుకోకుండా, ఎమ్మెస్సీ సీటు కోసం కూడా ఆగకుండా కలకత్తా రైలెక్కాడు. బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో రామన్ దగ్గర చేరాడు. అప్పటికి వయసు పందొమ్మిది. అంటే నా వయసు. మనలో చాలామంది వయసు.

అక్కడ వాళ్లు చేసే పని ఏంటో కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. ఒక ద్రవం మీదో స్ఫటికం మీదో ఒకే రంగు వెలుగు పంపిస్తే, అందులో కొంత పక్కలకి చెదిరిపోతుంది. చెదిరిన వెలుగులో దాదాపు అంతా అదే రంగులో ఉంటుంది. కానీ సుమారు కోటి ఫోటాన్లలో ఒక్కటి మాత్రం రంగు కొద్దిగా మార్చుకుని వస్తుంది. అణువు ఎట్లా ఊగుతుందో ఆ మార్పులో తెలుస్తుంది. ప్రతి పదార్థానికీ ఆ మార్పులు వేరు, మన వేలిముద్రల్లాగా. ఫార్మా గోడౌన్‌లో ఆ చిన్న పరికరం చదివేది ఈ వేలిముద్రనే.

ఇప్పుడు కోటిలో ఒక్క ఫోటాన్‌ని పట్టుకోవాలంటే చాలా గట్టి, ఒకే రంగు వెలుగు కావాలి. మనకైతే లేజర్ ఉంది. 1928లో లేజర్ లేదు. అది రావడానికి ఇంకా 32 ఏళ్లుంది. వాళ్ల దగ్గర ఉన్నది పాదరసం దీపం, ఒక స్పెక్ట్రోగ్రాఫ్, ఫోటోగ్రఫీ ప్లేట్లు. ప్లేట్ పెట్టి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి వెలుగు పడనివ్వాలి. తర్వాత దాన్ని కడిగి చూస్తే సన్నటి గీత ఒకటి కనిపిస్తే కనిపించినట్టు. ఏమీ లేకపోతే మళ్లీ మొదటికి. ఈ రోజు మనం బటన్ నొక్కి సెకన్లలో చేసే పనికి వాళ్లకి అంత ఓపిక కావాల్సి వచ్చింది.

ఆ ఓపికతోనే భగవంతం 1930లో వజ్రం మీద పనిచేశారు. వజ్రం చాలా చిత్రమైన పదార్థం. దానికి మొదటి వరస రామన్ గీత ఒక్కటే ఉంటుంది, 1332 అనే నంబరు దగ్గర. వజ్రం అసలుదా కాదా అని ఇప్పటికీ చాలాచోట్ల ఆ గీత చూసే తేలుస్తారు. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి ఇంకా పెద్ద పని చేశారు. ఫోటాన్‌కి ‘స్పిన్’ ఉందని వెలుగు చెదిరే తీరును కొలిచి చూపించారు. అప్పటికి క్వాంటం మెకానిక్స్ పుట్టి ఆరేళ్లు కూడా సరిగ్గా కాలేదు. భగవంతానికి ఇరవై రెండేళ్లు.

అట్లాంటి రికార్డు ఉన్నవాడు కలకత్తాలోనే ఉండిపోవచ్చు. ఆయన ఉండలేదు. 1932లో వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్చరర్‌గా చేరారు. ఆ యూనివర్సిటీ పుట్టింది 1926లో, వాల్తేరుకి మారింది 1930లో. సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ చాన్సలర్‌గా ఉన్న రోజులవి. సైన్స్ కోర్సులు అప్పుడే మొదలవుతున్నాయి. పెద్ద ల్యాబులు, పాత పరికరాలు, ముందు తరం ప్రొఫెసర్లు అంటూ ఏమీ లేవు. ఈ రోజు మనం ‘కెపాసిటీ బిల్డింగ్’ అని పీపీటీల్లో రాసే మాటకి అసలు అర్థం అదీ. ఖాళీ గది, కొంతమంది స్టూడెంట్లు, వాళ్లకంటే కొన్నేళ్లు మాత్రమే పెద్దవాడైన ఒక లెక్చరర్.

ఆయన అక్కడ ఏం చేశారన్నదే నాకు ఈ జీవితంలో అన్నిటికంటే నచ్చిన భాగం. ఉన్న పరికరాలతో వెలుగు చెదరడం మీద, అల్ట్రాసోనిక్ తరంగాల మీద ప్రయోగాలు నడిపారు. దానితోపాటు పేపరు, పెన్సిల్ మాత్రమే కావాల్సిన ఒక దారిని ఎంచుకున్నారు. దాని పేరు గ్రూప్ థియరీ. పిండి కొద్దీ రొట్టె అంటాం కదా. కానీ ఆయన రొట్టె సైజు తగ్గించలేదు, వేరే పిండి వెతుక్కున్నారు.

మనకి అర్థమయ్యేటట్టు చెప్తా. బెంజీన్ అణువులో 12 పరమాణువులు ఉంటాయి. అవి ఊగగలిగే రకాలు 30. ఈ ముప్పైలో ఏవి రామన్ గీతగా కనిపిస్తాయి, ఏవి కనిపించవు? ఒక్కోదాన్ని పట్టుకుని బలాలు, కదలికలు లెక్క కట్టుకుంటూ పోతే అది మన భాషలో బ్రూట్ ఫోర్స్. గ్రూప్ థియరీ తెలిసినవాడు అట్లా చేయడు. అణువు ఆకారాన్ని చూస్తాడు. దాన్ని ఎన్ని రకాలుగా తిప్పితే, అద్దంలో చూస్తే, మళ్లీ అదే ఆకారం వస్తుందో లెక్కపెడతాడు. ఒక చిన్న టేబుల్ రాసుకుంటాడు. బెంజీన్‌కి ప్రాథమికమైన రామన్ గీతలు ఏడే రావాలని ఆ టేబుల్ నుంచే తేలిపోతుంది. వజ్రానికి ఒక్కటే గీత ఎందుకో కూడా అదే టేబుల్ చెప్తుంది. ప్రయోగం మొదలు పెట్టకముందే ఎన్ని గీతలు వెతకాలో తెలిసిపోతే, రోజుల తరబడి ప్లేట్ ముందు కూర్చునేవాడికి అదెంత పెద్ద సాయమో ఊహించుకోండి.

ఈ విద్యని ఆయన తన దగ్గరే దాచుకోలేదు. 1940లో వెలుగు చెదరడం, రామన్ ఎఫెక్ట్ మీద ఒక పుస్తకం రాశారు. తర్వాత టి. వెంకటరాయుడు అనే గణితం మనిషితో కలిసి, ఫిజిక్స్ సమస్యలకి గ్రూప్ థియరీని ఎట్లా వాడాలో చెప్పే పుస్తకం తెచ్చారు. అది 1948లో ఆంధ్రా యూనివర్సిటీ నుంచే అచ్చయింది. 1959లో మాస్కోలో రష్యన్ అనువాదం కూడా వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట సైన్స్ డిపార్ట్‌మెంటే సరిగ్గా లేని ఊరి నుంచి వెళ్లిన పుస్తకం అది.

మధ్యలో యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాన్ బాంబులు వేసింది. క్యాంపస్ మిలిటరీ చేతికి పోయింది, యూనివర్సిటీ గుంటూరుకి మారింది. అంతకుముందే, 1941లో, భగవంతం సైన్స్ కాలేజీ ప్రిన్సిపాల్ అయ్యారు. చేతులతో కట్టుకున్న ల్యాబ్ ఉన్న క్యాంపస్‌ని వదిలి ఇంకో ఊళ్లో పాఠాలు చెప్పడం ఎట్లా ఉంటుందో మన కరోనా బ్యాచ్‌లకి కొంతైనా తెలుసు. గోడలు పోయినా డిపార్ట్‌మెంట్ నిలబడింది. కారణం మనుషులే అని నేననుకుంటున్నా.

స్వాతంత్ర్యం వచ్చాక కొద్దికాలం లండన్‌లో, భారత హైకమిషన్‌లో సైన్స్ వ్యవహారాలు చూశారు. తర్వాత చదువుకున్న ఊరికే తిరిగొచ్చారు. ఉస్మానియాలో ఫిజిక్స్ ప్రొఫెసర్. 1952 నుంచి 1957 దాకా వైస్ చాన్సలర్. ఆ కాలం ఉస్మానియాకి మామూలు కాలం కాదు. అది 1918లో ఉర్దూ మీడియంతో మొదలైన యూనివర్సిటీ. ఫిజిక్స్, మెడిసిన్, ఇంజనీరింగ్ అన్నీ ఉర్దూలోనే చెప్పేవాళ్లు. దానికోసం 1917లోనే ఒక అనువాద బ్యూరో పెట్టి పుస్తకాలు తయారుచేశారు. 1948 తర్వాత బోధన ఇంగ్లీషుకి మారిపోయింది. ఒక తరం స్టూడెంట్లు అంతదాకా ఉర్దూలో నేర్చుకున్న ఫిజిక్స్‌ని ఇంగ్లీషులో మళ్లీ పట్టుకోవాల్సి వచ్చింది. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివి, ఈ వ్యాసంలో ‘చెదరడం’ అనే మాట కోసం చాలాసేపు వెతుక్కున్న నాకు ఆ ఇబ్బంది రివర్స్‌లో అర్థమవుతుంది. ల్యాబ్‌కి పరికరం ఎంత ముఖ్యమో, ఏ భాషలో ఆలోచిస్తామన్నదీ అంతే ముఖ్యం.

1957లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్ అయ్యారు. 1933 నుంచి 1937 దాకా రామన్ కూర్చున్న కుర్చీ అది. మరుసటి ఏడాదే, 1958లో, ఆ సంస్థకి యూనివర్సిటీతో సమానమైన హోదా వచ్చింది. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది సతీష్ ధావన్. సరిగ్గా ఈ మధ్యలో, 1960 మే 16న, అమెరికాలో థియోడర్ మైమన్ ఒక రూబీ కడ్డీతో మొదటి లేజర్‌ని వెలిగించారు. కొన్నేళ్లలోనే పాదరసం దీపాలు రామన్ ల్యాబుల్లోంచి బయటికి వెళ్లిపోయాయి. ముప్పై ఏళ్లు ఏ వెలుగు కోసం ఆయన తరం కష్టపడిందో, ఆ వెలుగు వచ్చేసింది. అప్పటికి భగవంతం ల్యాబ్‌లో లేరు. ఆఫీసులో ఉన్నారు.

ఆ ఆఫీసు ఇంకా పెద్దదైంది. 1961లో డి.ఎస్. కొఠారి తర్వాత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. అంటే డీఆర్‌డీఓ పగ్గాలు. 1969 దాకా అక్కడే. ఆ ఎనిమిదేళ్లలో రెండు యుద్ధాలు, 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో. మనకి కావాల్సినవి మనమే తయారుచేసుకోవాలన్న మాట నినాదం స్థాయి దాటి అవసరంగా మారింది ఆ రోజుల్లోనే. హైదరాబాద్‌లో డీఆర్‌డీఎల్, డీఎల్‌ఆర్‌ఎల్, డీఎంఆర్‌ఎల్ వేళ్లూనుకున్నదీ ఆ కాలంలోనే. వాటి నీడలోనే 1970లో భారత్ డైనమిక్స్ వచ్చింది. దాని యూనిట్ ఒకటి మన పక్కనే భానూరులో ఉంది. ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది. 2008లో ఐఐటీ హైదరాబాద్ మొదటి క్లాసులు నడిచింది ఆ ఫ్యాక్టరీ ఆవరణలోనే, తర్వాతే కందికి మారింది. ఇవన్నీ ఒక్క మనిషి వల్ల వచ్చాయని అనడం అన్యాయం. కానీ ఈ బెల్ట్‌లో మనం చూస్తున్న చాలా గేట్ల వెనక, ఆ 1960ల నిర్ణయాలున్నాయి.

ఇక్కడ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఇరవై రెండేళ్లకి ఫోటాన్ స్పిన్ మీద పనిచేసిన మనిషి, నలభై దాటాక ఫైళ్ల మీద సంతకాలు పెడుతూ గడిపితే అది నష్టం కాదా? లేజర్ వచ్చిన తర్వాత కూడా ఆయన ల్యాబ్‌లోనే ఉండుంటే ఏం కనిపెట్టేవారో! ఒక వైపు చూస్తే నష్టమే. ఫిజిక్స్ ప్రేమించేవాళ్లు అట్లా అంటే నేను వాదించను. కానీ ఒక విషయం ఉంది. 1966లో, అంటే డీఆర్‌డీఓలో ఉండగానే, స్ఫటికాల సౌష్టవం, వాటి భౌతిక లక్షణాల మీద ఆయన ఇంకో పుస్తకం వచ్చింది. అదే పాత పేపరు, పెన్సిల్ విద్య. ల్యాబ్ దూరమైనా ఆ విద్య ఆయన్ని వదల్లేదన్నమాట. ఇంకో వైపు, కొత్త దేశంలో ల్యాబులు కట్టేవాడు లేకపోతే తర్వాతి కుర్రాడు ఎక్కడికి రైలెక్కుతాడు? 1928లో భగవంతం రైలెక్కడానికి కలకత్తాలో ఒక తలుపు తెరిచి ఉంది. తర్వాతి వాళ్ల కోసం ఆయన అట్లాంటి తలుపులు వాల్తేరులో, హైదరాబాద్‌లో, బెంగళూరులో తెరిచి ఉంచారు.

అది మన దేశం దగ్గర ఆగలేదు. ప్రపంచ దేశాల సైన్స్ సంఘాలన్నీ కలిసిన మండలి 1966లో అభివృద్ధి చెందుతున్న దేశాల సైన్స్, టెక్నాలజీ కోసం కాస్టెడ్ అనే కమిటీ పెట్టింది. 1970లలో దాని బాధ్యత భగవంతం మీద పడింది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల్లో సైన్స్‌కి పునాది వేయడం ఎట్లా అన్నదే ఆ కమిటీ పని. ఖాళీ గదిలో ల్యాబ్ కట్టడం ఎట్లాగో వాల్తేరులో నేర్చుకున్న మనిషికి అంతకంటే తగిన పని ఏముంటుంది?

లేజర్ల విషయంలో ఆఫ్రికా ఆ దారిలోనే నడిచింది. అబ్దుస్ సలాం 1964లో ఇటలీలోని ట్రియెస్టేలో పెట్టిన ఐసీటీపీకి ఆఫ్రికా యువ ఫిజిసిస్టులు వెళ్లి ట్రైనింగ్ తీసుకుని, తిరిగి తమ ఊళ్లకి వచ్చారు. 1991లో సెనెగల్ రాజధాని డకార్ కేంద్రంగా లేజర్, అణు శాస్త్రాల వాళ్ల నెట్‌వర్క్ ఒకటి మొదలైంది. ఘనాలో కేప్ కోస్ట్ యూనివర్సిటీలో లేజర్, ఫైబర్ ఆప్టిక్స్ సెంటర్ వచ్చింది. 2003లో సౌతాఫ్రికాలో ఆఫ్రికన్ లేజర్ సెంటర్ పుట్టింది. ప్రతి దేశం ఒక్కో ఖరీదైన ల్యాబ్ కట్టుకోలేదు కాబట్టి, ఉన్న ల్యాబులని అందరూ పంచుకుని, ఒక దేశం స్టూడెంట్ ఇంకో దేశం లేజర్ మీద పనిచేసేలా చూడటం దాని ఉద్దేశం. డబ్బు తక్కువైనప్పుడు ముందుగా మనుషులకి ఖర్చుపెట్టాలన్న లెక్క అది.

ఆఫ్రికా అంటే మనకి దూరం అనిపిస్తుంది కానీ, పటాన్‌చెరుకి కాదు. 1972లో ఇక్రిశాట్ వచ్చినప్పటి నుంచి ఆఫ్రికా దేశాల సైంటిస్టులు, స్టూడెంట్లు జొన్న, సజ్జ, కంది, వేరుశనగ మీద పనిచేయడానికి ఇక్కడికి వస్తూనే ఉన్నారు. గింజని పగలగొట్టకుండా లోపల ప్రొటీన్ ఎంతుందో చూడటానికి అక్కడ వాడేది కూడా వెలుగే, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు. మన సిటీ బస్సు ఆ కాంపౌండ్ గోడ పక్క నుంచే పోతుంది.

చివరి దశాబ్దాల్లో భగవంతం పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తుడయ్యారు. బాబా తెలుగులో మాట్లాడుతుంటే పక్కన నిలబడి ఇంగ్లీషులోకి అనువదించేవారు. సైంటిస్ట్ అయ్యుండి ఇదేంటని అప్పట్లోనూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. నాకు కూడా ఆ రెండూ ఒక మనిషిలో ఎట్లా కుదిరాయో అర్థం కాదు. కానీ జీవితం రాస్తున్నప్పుడు మనకి నచ్చిన పేజీలే ఉంచి మిగతావి చింపేయకూడదు. 1989 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు మన సంగతి. ఈ బెల్ట్‌లో లేజర్ మెషిన్లు చాలా ఉన్నాయి, కానీ మన దేశంలో వాడే చాలా మెషిన్లలో అసలు వెలుగు పుట్టించే భాగం బయట దేశాల నుంచి కొన్నదే. దాన్ని ఆపరేట్ చేసేవాళ్లు మనకి ఉన్నారు. అది ఎందుకు పనిచేస్తుందో తెలిసి, ఇంకొకటి తయారుచేయగలిగేవాళ్లు తక్కువ. ప్లేస్‌మెంట్ సీజన్‌లో నేను కూడా ప్యాకేజీ నంబర్లే చూస్తా, అందులో దాచడానికేం లేదు. ఇంట్లో లోన్ ఉన్నవాడికి 1928 రైలు కథ చెప్పి పరిశోధనకి పొమ్మంటే అన్యాయం. నేను అడిగేది చిన్నది. మన బ్యాచ్‌లో పదిమందిలో ఒక్కరైనా, ఆ మెషిన్ మూత తీసి లోపలికి చూడాలనుకోవాలి. మిగతా తొమ్మిదిమంది వాడిని పిచ్చోడనకుండా ఉండాలి.

మొదలుపెట్టడానికి ల్యాబ్ అక్కర్లేదు, భగవంతం వాల్తేరులో చూపించింది అదే. పాశమైలారం షెడ్లలో ఇనుము కోసే పాతతరం లేజర్లు చాలావరకు కార్బన్ డయాక్సైడ్ లేజర్లు. ఆ గ్యాస్ అణువు ఊగే తీరు నుంచే ఆ వెలుగు పుడుతుంది. ఒక కార్బన్, దానికి రెండు వైపులా రెండు ఆక్సిజన్లు, మూడూ ఒకే గీత మీద. అది నాలుగు రకాలుగా ఊగగలదు. అందులో రామన్ గీతగా కనిపించేవి ఎన్ని? గూగుల్ చేయకండి. అణువుని కాగితం మీద గీసి, తిప్పి చూడండి, అద్దంలో చూడండి, ఒక టేబుల్ రాయండి. జవాబులు క్లబ్ మెయిల్‌కి పంపండి. తెలుగులోనే రాయాలి, సరేనా?